పోగు పెరిగింది

"...గందుకే అంటున్న అన్నా, ఆ చెయ్యి బొమ్మ తీసేసి కత్తెర బొమ్మ పెడదాం. రెడీమేడ్ సెట్టుల ఉన్నదే ఉన్నది."

"నీకు సమజ్ కాలేదని చెప్పు. సాంచెల కాడ ఉన్నోళ్లకు ఎప్పుడో సమజ్ అయింది."

"నాకు తెలుగు రాదా? పెరిగింది అంటే ఏంది? వాఢలం! ఎక్కువైందనే కద! పేరు పెట్టింది మాలతక్క, తిట్లు తినేది నేనా?"

భివండీ టెంఘర్‌లోని ఆఫీసు మెట్ల మీద మాలతి ఆగిపోయింది. మొదటి గొంతు భూషణ్‌ది. రెండోది ఆఫీసు యజమాని ఓంప్రకాష్‌ది. వాళ్లు పోట్లాడుకుంటున్నది ఆమె తండ్రి చేతి గురించి.

ఆ ఆఫీసులో సాంచెల, అంటే మరమగ్గాల, కార్ఖానాలకు సాఫ్ట్‌వేర్ రాస్తారు. సాంచె పక్కన ఒక చిన్న తెర, కూలీల మీది ముకద్దం ఫోన్లో ఒకటి, కార్ఖానా యజమాని సేఠ్ కంప్యూటర్లో ఒకటి. మూడింటినీ ముగ్గురు మూడు పద్ధతుల్లో రాశారు, ఒకటి రియాక్ట్‌లో, ఒకటి వ్యూలో, ఒకటి యాంగ్యులర్‌లో. మొదట్లో తెర మీద గుర్తులుగా ఎవరి బొమ్మలు వాళ్లవి. సాంచెలో వచ్చిన ఒకే తప్పు మూడు చోట్ల మూడు రకాలుగా కనబడేది. మాలతి బొమ్మలన్నిటినీ ఒక్కచోట చేర్చి, ఒక్కో బొమ్మను ఒక్కో వెబ్ కాంపోనెంట్‌గా కట్టింది. పేరు రాస్తే చాలు, బ్రౌజరే దాన్ని గుర్తుపడుతుంది. చుట్టూ ఉన్నది ఏ పద్ధతైనా దానికి పట్టింపు లేదు. ఏ సాంచెలో పెట్టినా పారే నూలు కండె లాంటిదని తండ్రికి చెప్పిందప్పుడు. ఒక్కచోట గీస్తే మూడు తెరల మీదా వస్తుంది. ఒక్కచోట తీసేస్తే మూడింటి మీదా పోతుంది. రంగు మాత్రం వాడుకునేవాళ్ల ఇష్టానికి వదిలింది.

ఆ వదలడమే ముంచింది. సేఠ్ తెర రాసేది భూషణ్. పుట్టింది భివండీలో, చదివింది మరాఠీ బడిలో. 'పోగు-పెరిగింది' అన్న పేరు చూసి ఉత్పత్తి పెరిగిందనుకున్నాడు. ఆకుపచ్చ రంగు వేసి, ఎక్కువ బట్ట దిగిన సాంచెల ఎదురుగా ఆ చెయ్యి పెట్టాడు. లక్ష్మీనర్సయ్య సేఠ్‌కు ఆ చెయ్యి అంటే పోగు తెగిందని కార్ఖానాలో తెలిసిందే. రంగు చూడలేదు. కూలీ పర్శరాములు నడిపే సాంచెలన్నిటికీ చేతులు కనబడేసరికి, పోగులు తెగుతుంటే నిద్రపోతున్నావా అని అందరి ముందు తిట్టాడు. ఆ రోజు అందరికంటే ఎక్కువ నేసింది పర్శరాములే. సాంచెల చప్పుడులో అతనికి మాటలు వినబడలేదు. సేఠ్ నోరు చూసి గ్రహించాడు. మేకుకు తగిలించిన అన్నం డబ్బా తీసుకుని బయటికి నడిచాడు. మళ్లీ రాలేదు.

మాలతి తండ్రి పెద్దులు, పర్శరాములు ఏళ్ల తరబడి పక్కపక్క సాంచెల మీద పనిచేశారు.

పెద్దులు సిరిసిల్ల దిక్కు నుంచి కూలికి వచ్చినవాడు. మాలతి బడికి పోయేనాటికే సాంచెల మోతకు అతనికి వినికిడి పోయింది. ఇంట్లో కూడా చేతులతోనే మాట్లాడేవాడు. రెండు వేళ్లు నడిపిస్తే బడికి పొమ్మని. అరచెయ్యి బోర్లిస్తే ఊకోమని. బొటనవేలు, చూపుడువేలు కలిపి టక్కున విడదీస్తే పోగు పోయిందని. మాలతి మరాఠీ కంటే ముందు ఆ భాష నేర్చుకుంది. చదువురాని కూలీలకు తెలిసే బొమ్మలు కావాలని ఓంప్రకాష్ అడిగినప్పుడు ఆమె వెతుక్కోలేదు. తండ్రిని పొయ్యి పక్కన కూర్చోబెట్టి, ఒక్కో సైగా చేయించి గీసింది. పెద్దులు చిటికెన వేలు సగమే ఉండేది. మిగిలింది సాంచె తిప్పే పట్టాలో పడి పోయింది. దాన్ని కూడా అట్లాగే గీసింది.

"వేలు సరిచేయి అక్కా, తప్పు గీసినవ్ అంటరు" అన్నాడు అప్పుడు భూషణ్.

"ఆ వేలు గంతే ఉంటది" అంది మాలతి.

పేరు దగ్గర పెద్దులు పట్టుబట్టాడు. నల్లపూసలు తెగితే తెగినయి అనరు, పెరిగినయి అంటారు. ఆ మర్యాద అతని దగ్గర పోగుకూ ఉండేది. "నా చెయ్యి పెట్టుకో బిడ్డా. గని దానికింద ఆ మాట రాయకు. పోగు మీద బతికెటోళ్లం" అన్నాడు, వినబడనివాళ్లు మాట్లాడినట్టు గట్టిగా. మాలతి రాయనంది. తర్వాత కార్ఖానాలో తెర పెట్టిన రోజు పోయి, దాని పక్కన తన చెయ్యి ఆనించి చూసుకున్నాడు. నవ్వుతూ పర్శరాములును పిలిచి చూపించాడు. మొన్నటి వానాకాలంలో ఊపిరి అందక పోయాడు.

మాలతి లోపలికి వెళ్లింది.

"ఇంగ్లీషుల బ్రేక్ అని పెడదామా?" అంది ఆమె, కూర్చోకుండానే.

"సాంచె బ్రేకు బొమ్మ ఉండనే ఉన్నది కద అక్కా. మళ్ల గడబిడే." భూషణ్ తల వంచుకున్నాడు. "పర్శరాములు కాక ఇంటికి పోయిన. తలుపు తియ్యలేదు."

ఓంప్రకాష్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చూడు మాలతీ. చెయ్యి ఉండాలంటే పేరు సాఫ్ ఉండాలె. తెగింది అని పెట్టు, ఉంటది. లేదంటే కత్తెర వస్తది. నాకేం పట్టుదల లేదమ్మా, ఇంకోన్ని గిట్ల తిట్టిపియ్యలేను. రేపటికి చెప్పు."

సాయంత్రం షేర్ ఆటోలో తమ ఇల్లున్న కామత్‌ఘర్ చేరింది. గల్లీ రెండు వైపులా సాంచెలు కొట్టుకుంటూనే ఉన్నాయి. తల్లి వెంకవ్వ గడపలో మెంతికూర తెంపుతోంది. మాలతి పక్కన కూర్చుని, జరిగిందంతా చెప్పింది. బొమ్మ పోతే ఎక్కడెక్కడి నుంచి పోతుందో కూడా చెప్పింది.

"అన్ని కార్ఖానాలల్లకెల్లా?"

"అన్నిట్లకెల్లి. ఒక్కసారే."

వెంకవ్వ చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ అందుకుంది. బొమ్మను దగ్గరగా పెట్టుకుని చూసింది. సగం వేలు మీద బొటనవేలు ఆనించింది. బొమ్మ పక్కకు జరిగిపోతే మాలతి మళ్లీ తెచ్చి ఇచ్చింది.

"బాపుకు మాటిచ్చిన అవ్వా. రాయనని."

వెంకవ్వ మెడ బోసిగా ఉంది. పెద్దులు పోయిన పదోనాడు నల్లపూసలు తీసేటప్పుడు, దారం పుటుక్కుమని పూసలు నేల మీద దొర్లితే, పక్కింటి ఐలవ్వ వాటిని ఏరుతూ, "పెరిగినయి తియ్యి, పెరిగినయి" అంది. అక్కడున్న ఆడవాళ్లంతా అదే అన్నారు. వెంకవ్వ ఒక్కతే ఆ మాట అనలేదు.

"పర్శరాములు ఎట్లున్నడట?"

"తలుపు తీస్తలేడట."

"ఎందుకు తీస్తడు." ఫోన్ కూతురి చేతిలో పెట్టి, కూర చాటను మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. కొన్ని ఆకులు తెంపింది. "మీ బాపు చెయ్యి తియ్యకు" అంది.

"మరి పేరు?"

"తెగింది అనే రాయి బిడ్డా."