దాది ల్యూబా గిల్లుడు

మ్యూజ్ నది ఒడ్డున, మా ఫ్రాంకుల నేల మీద, దాది ల్యూబా ఒక్క గిల్లుతో యుద్ధాన్ని ఆపింది. సన్యాసుల మఠంలో చదువుకున్నవాణ్ణి, అబద్ధమాడను: ఆపింది యుద్ధాన్ని కాదు, పెళ్లిని. ఆమె పనిచేసే దొరల ఇంట్లో ఆ రెంటికీ పెద్ద తేడా లేదు లెండి.

ల్యూబా పుట్టుకతో బానిస. దొరల పిల్లలకు పాలిచ్చి పెంచడమే పని. ఎవరికీ జంకదు, బాతులకు తప్ప. ఆ ఏడు దొరసాని గెర్సిందా చంటిబిడ్డను సాకుతోంది. దొర పోయి ఏడాది కాలేదు. పొరుగు దొర వారిన్‌కు గెర్సిందా మీద కంటే ఆమె ద్రాక్షతోటల మీదా, పిండిమర మీదా మోజు. ఆమె అన్న ఆమెను అడక్కుండానే మాటిచ్చేశాడు. పెళ్లయితే ఆస్తి వారిన్‌కు, బిడ్డ మఠానికి.

పెళ్లినాడు పొద్దుటి నుంచి దొరసాని కాలు ఒకచోట నిలవలేదు. కిటికీ దగ్గరికి వెళ్లేది, మగ్గం దగ్గరికి వచ్చేది, ఊరికే దారం తెంపేది. గుర్రాల చప్పుడు వినగానే ఉయ్యాల వైపు తిరిగింది.

"ఇవాళ పిల్ల మరీ బుద్ధిగా ఉందేమిటే ల్యూబా? జ్ఞానస్నానమన్నా కాలేదు. ఏమన్నా అయితే?"

"ముందు మీరు కూర్చోండమ్మా, నాకు కళ్లు తిరుగుతున్నాయి."

పెళ్లి జరిపించే గురువును వెంటబెట్టుకుని వారిన్ వచ్చాడు. "ఇక ఈ బిడ్డకు తండ్రిని నేనే!" అని అందరికీ వినపడేలా చాటాడు. మరుక్షణం ల్యూబా చేతుల్లో పిల్ల కెవ్వుమంది. ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగబట్టింది.

"పోతోంది నాయనో! స్వామీ, జ్ఞానస్నానం చెయ్యండి!" అని ల్యూబా గోలపెట్టింది.

గురువు కంగారుగా బిడ్డను పక్కనున్న నీళ్ల తొట్టిలో ముంచాడు. "నీళ్లలోంచి ఎత్తేదెవరు?"

"తండ్రినన్నారుగా దొరా, పట్టండి మరి!"

వారిన్ గర్వంగా ఎత్తాడు. పిల్ల ఆవలించింది. గురువు ముఖం మాత్రం పాలిపోయింది.

"ఎత్తినవాడు జ్ఞానతండ్రి, దొరా. జ్ఞానతండ్రి ఆ బిడ్డ తల్లిని పెళ్లాడకూడదు. ఆమె మీకు తోబుట్టువుతో సమానం."

దొరసాని అప్పుడు కూర్చుంది, పొద్దుటి నుంచి మొదటిసారి. వారిన్ వైపు తిరిగి అంది: "మీరూ కూర్చోండి అన్నయ్యా, విందు చల్లారిపోతోంది."

ఇప్పుడు ఆ పిల్లే పిండిమర నడుపుతోంది. మొన్న టర్నిప్పులు తరుగుతున్న ల్యూబాను, ఆ రోజు పిల్లను గిల్లావు కదూ అని అడిగాను.

"గిల్లానా? ఎవడన్నాడు? ఆ పూట నేనింట్లోనే లేను, బాతుల్ని తోలుతున్నా."

"నీకు బాతులంటే హడల్ కదే?"

"అదీ అబద్ధమే. అసలు ఆ పెళ్లీ లేదు, ఆ గోలా లేదు. ఇక లేచి వెళ్లు తాతా."