తాళం తీసినా ఆగని స్కూటర్

ఈ రోజు ఆదివారం. బట్టలు ఉతకడం, మిరపకాయలు ఎండబెట్టడం, మా మామయ్య పాత స్కూటర్ ఇంజిన్ బిగించడం పూర్తయ్యాయి. ఆయన పోయినప్పటి నుంచి అది మూలకే ఉంది. అమ్ముదామని మేడిపల్లి ఆయన దగ్గర బయానా తీసుకున్నాం. కొత్త పిస్టన్ వేసి, స్పార్క్ ఇచ్చే పాత పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాం. అత్తమ్మను మాత్రం అడగలేదు.

మొదటి కిక్కుకే స్టార్టయింది. కాసేపయ్యాక మా ఆయన తాళం తీసినా ఆగలేదు.

“గిది ఆగుతలేదేందే?”

“నన్నడుగుతరేంది? మీ నాయిన బండి, మీ మాట ఇంటదా?” అన్నాను.

అంతలో అత్తమ్మ బయటికి వచ్చింది. కొంగు భుజాల నిండా కప్పుకుని, ఖాళీ సీటు వైపు చూస్తూ మెల్లగా అంది: “ఇగ చాలు, ఆపుండ్రి. చాయ్ సల్లారుతది.”

ఇంజిన్ ఆగిపోయింది.

బండిని ఆపే వైరు కలపడం మరిచామని తర్వాత చూసుకున్నాం. తాళానికి ఆగకపోవడం అందుకే. కానీ ట్యాంకు బదులు పైన వేలాడదీసిన సీసాలో పెట్రోల్ ఇంకా సగం ఉంది. మరి ఎందుకు ఆగినట్టు? ఇంజిన్ పని తెలిసినవాళ్లు చెప్పండి, మా ఆయన మళ్లీ కిక్కు కొట్టనంటున్నాడు.

లోపల రెండు కప్పుల్లో చాయ్ పోసి ఉంది: ఒకటి అత్తమ్మది, ఒకటి మామయ్యది.

మేడిపల్లి ఆయన బయానా సాయంత్రమే తిరిగి పంపించాం. ఆ బాకీ తీరింది.