కాలువ వెడల్పు ఎంత?

నేను హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. రెండేళ్ళ కిందట ధవళేశ్వరం దగ్గర జరిగిన లెక్కల టీచర్ల శిక్షణలో పాఠం చెప్పే బాధ్యత నాకు అప్పగించారు. నిత్యజీవితంలోని సమస్యలతో లెక్కలు నేర్పడం ఎలా అన్నది విషయం. హాల్లో కూర్చుని చెబితే ఏం లాభమని, అందరినీ పక్కనే ఉన్న కాలువ గట్టుకు తీసుకెళ్ళి, అవతలికి దాటకుండా దాని వెడల్పు కనుక్కోమన్నాను.

ఒక్కరూ కదల్లేదు. "ఏంటి మేడమ్, ఎండలో మాకీ శిక్ష? ఫోన్లో మ్యాప్ చూస్తే వచ్చేస్తుంది కదండీ" అన్నారు ఒక సీనియర్ మాస్టారు. మిగతావాళ్ళు నవ్వి నీడలో చతికిలబడ్డారు.

నాకు ఒళ్ళు మండింది. "సరే, నేనే చూపిస్తానండి" అంటూ ఎదుటి గట్టు మీది కొబ్బరిచెట్టు మీద చూపు నిలిపి, సరూప త్రిభుజాల గురించి చెబుతూ గట్టు వెంబడి పక్కకు నడిచాను. కాలు జారింది. అమాంతం కాలువలో పడ్డాను!

అప్పుడు లేచారందరూ. ఒకరి చేయి ఒకరు పట్టుకుని నన్ను పైకి లాగారు. తడిసి ముద్దయిన నన్ను చూసి ఆ మాస్టారే, "వెడల్పు తేలకపోయినా లోతు తేలిందండీ మేడమ్" అన్నారు. గట్టంతా నవ్వులు. నేనూ నవ్వబోయి ఏడ్చేశాను.

సాయంత్రం పై అధికారి ఫోన్ చేసి, "శిక్షణ ఫొటోలు అప్‌లోడ్ చేశారా?" అని మాత్రం అడిగారు. ఆ రోజు ఎవరో తీసిన ఫొటో ఒక్కటే ఉంది. నడుంలోతు నీళ్ళలో నేను! ఒళ్ళుమండి అదే పంపాను. "వెరీ గుడ్, చాలా సహజంగా ఉంది" అని జవాబొచ్చింది.

పడ్డానన్న సిగ్గు ఎప్పుడో పోయింది. అంతమంది లెక్కల టీచర్లం ఆ వెడల్పు తేల్చకుండానే భోజనాలకు వెళ్ళిపోయామన్న ఉక్రోషం మాత్రం ఇప్పటికీ పోలేదు.