బూట్లు విప్పించిన ప్రార్థన

ముందే ఒప్పేసుకుంటున్నాను. చీమ కనిపిస్తే ఏనుగని చెప్పి, తొండం ఎటు ఊపిందో కూడా వర్ణించే రకాన్ని నేను. కింద రాసిందాంట్లో సగం తీసేసి చదువుకోండి.

ఈ పరాయిదేశంలో, ఎడ్మండ్‌సన్ పార్క్ అనే పేటలోని మా ఇంటికి కాస్త దూరంలో సైన్యం వాళ్ల స్థావరం ఉంది. అక్కడి మెస్సులో నేను వంటవాణ్ణి. రోజూ నేను ఉడకబెట్టే బంగాళాదుంపలు పోగేస్తే ఓ కొండవుతుంది. ఆ కాంపౌండులోనే అగ్గిపెట్టెంత చర్చి. పాస్టరుగారితో కలిపి తొమ్మిదిమందిమి. పదో మనిషి వస్తే గోడ జరపాలి. మా ఆవిడ ప్రతి ఆదివారం నాతోపాటు గేటు దగ్గర సంతకం పెట్టి వచ్చేది. బాపట్లలోలాగే చెప్పులు గుమ్మం బయట విడిచి, తలమీద కొంగు కప్పుకుని కూర్చునేది. మిగతావాళ్లందరూ, సిగ్గులేకుండా నేనూ, బూట్లతోనే. తన ఇంగ్లీషుకి మొహమాటపడి ఆవిడ ఎప్పుడూ పైకి ప్రార్థించలేదు.

మాతో కూర్చునే ఒక కుర్ర సైనికురాలు మా ఆవిడ రొయ్యల వేపుడుకి బానిస. ఓ ఆదివారం ఆరాధన ముగిశాక వచ్చి, ఇంగ్లీషులో అడిగింది.

“ఆంటీ, రేపు నన్ను వేరే దేశం పంపిస్తున్నారు. ఎక్కడికో చెప్పకూడదు. భయంగా ఉంది. నాకోసం ప్రార్థన చేస్తారా? మీ భాషలోనే.”

మా ఆవిడ నావైపు తిరిగింది. “ఏవండీ, ముందా బూట్లు విప్పమనండి. అవేసుకుని నిలబడితే నాకు ప్రార్థన రాదు.”

“అవి విప్పేలోపు పిల్ల విమానం వెళ్లిపోతుందే!”

“మీ వెటకారాలు తర్వాత. చెప్పండి ముందు.”

చెప్పాను. ఆ లేసులు బాపట్ల నుంచి చీరాల దాకా వస్తాయి. పిల్ల తొందరలో తప్పు కొస లాగితే ముడి బిగుసుకుపోయింది. మా ఆవిడ కింద చతికిలబడి ముడి తనే విప్పింది. బూట్లు తీసుకెళ్లి తన చెప్పుల పక్కన పెట్టొచ్చింది. పిల్ల మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు.

తర్వాత మా ఆవిడ పిల్ల తలమీద చెయ్యిపెట్టి మొదలెట్టింది. ముప్పావుగంట! సృష్టి మొదలుకుని, పిల్ల ఎక్కబోయే విమానం నట్లూ బోల్టులూ, తినబోయే డబ్బా తిండీ, ఒక్కొక్కటే దేవుడికి అప్పగించింది. పాస్టరుగారు రెండుసార్లు “ఆమెన్” అని ముగించబోయి ఓడిపోయారు.

ఆ ముప్పావుగంటే నా కల్పన. నిజానికి మా ఆవిడ “తండ్రీ, ఈ పిల్లని” అంది. అంతే. చెయ్యి మాత్రం తియ్యలేదు. కాసేపటికి ఆ పిల్లే “ఆమెన్” అంది. మిగతా ప్రార్థనంతా ఇంటికొచ్చే దారిలో, స్టీరింగ్ పట్టుకుని, నేను చేసింది.