నూనె పరోటా, రెండో ముక్క

ఆ రోజుల్లో దేవుడు నాకు రెండు కళ్ళిచ్చింది హోటల్ బోర్డులు చదువుకోడానికేనని నా గట్టి నమ్మకం. కోవిల్‌పట్టిలో ఒక అగ్గిపెట్టెల కంపెనీలో ప్యాకింగ్ పని నాది. వారమంతా చేతులకి అగ్గిమందు వాసన. ఆదివారం వచ్చిందంటే మాత్రం మసాలా వాసన రావలసిందే. నాతో పనిచేసే పొట్టక్క (ఆమెకి మంచి పేరే ఉంది, కానీ ఆ ఎత్తుకి ఇదే కుదిరింది), నేనూ ఎక్కడ కొత్త హోటల్ తెరిచినా తోరణాలు వాడకముందే వెళ్ళి కూర్చునేవాళ్ళం. ఎట్టయాపురంలో కుండ బిర్యానీ అంటే బస్సెక్కాం. కయత్తారు దగ్గర గాలిమరల కింద ఏదో పాకలో నాటుకోడి పులుసు బ్రహ్మాండమని విని, ఎర్రటి ఎండలో వెళ్ళి, పులుసుకన్నా దుమ్మే ఎక్కువ తిని వచ్చాం. "ఎట్లుండాది?" అని మా అవ్వ అడిగితే, "గాలి బాగుండాది అవ్వా" అన్నాను.

నాకు ఇంకో జబ్బు కూడా ఉండేది. ఏదైనా నోటికి బాగుందంటే ఒక్కదాన్నే తినలేను. పక్కనున్నది ఎవరైనా సరే, ఒక ముక్క విరిచి చేతిలో పెట్టేయాలి. "కొంచెం తినిసూడు!" ఇది నా మంత్రం. బస్సులో పరిచయం లేని ముసలాయనకి కడలమిట్టాయి (వేరుశనగ చిక్కీ) పెట్టి, ఆయనకి పళ్ళు లేవని తెలిశాక నాలుక కరుచుకున్నాను. మా అమ్మ తల బాదుకునేది. "నీ నోరూ ఆగదు, నీ చెయ్యీ ఆగదు. ఎవడే నిన్ను చేసుకునేది?"

అమ్మ బాధ అబద్ధం కాదు. అప్పటికే మూడు సంబంధాలు వచ్చి వెళ్ళాయి. ఒక పెద్దమ్మ అయితే మొహం మీదే అనేసింది, "పిల్ల తిండి గురించి తప్ప వేరే మాట మాట్లాడదే!" (ఆవిడ తెచ్చిన జిలేబీలో పులుపు చాల్లేదని చెప్పాను, అంతే.) మూడోవాళ్ళు వెళ్ళాక వీధి వీధంతా అరవంలో ఆరా తీస్తుంటే, మా నాయన రెండు రోజులు వాకిట్లోకి రాలేదు. అందుకే నాలుగో సంబంధం వచ్చినప్పుడు, "ఈసారి ఇంట్లో వద్దు, బయట ఎక్కడైనా చూసుకుందాం" అన్నాడు. అబ్బాయిది విరుదునగరం, పప్పు మిల్లులో ఉద్యోగం. గుడిలో అని అమ్మ, రైల్వే స్టేషన్లో అని మా నాయన (ఖర్చు లేదట!) అంటుంటే, నేను తల వంచుకుని, సిగ్గుపడుతూ, విరుదునగరంలో కొత్తగా ఒక ఏసీ హోటల్ తెరిచారని చెప్పాను. సిగ్గు మాత్రం నిజం కాదు. ఆ హోటల్లో నూనె పరోటా అంచులు అప్పడంలా విరుగుతాయని పొట్టక్క నెల రోజులుగా నా ప్రాణం తీస్తోంది.

పెళ్ళికొడుకు పెదనాయన ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. మాలో ఒక కట్టుబాటు ఉంది. మాట ఖాయమయ్యేదాకా అబ్బాయి తరఫువాళ్ళు పిల్లవాళ్ళ దగ్గర చెయ్యి తడపరు. అంటే కాఫీ, నీళ్ళు తప్ప ఏమీ తినరు. తిన్నారంటే సంబంధానికి ఒప్పుకున్నట్టే, ఇక వెనక్కి పోకూడదు. "హోటలైనా అంతే. కాఫీ మట్టుమే. మంగళవారం మేము కడంబూరులో ఇంకో పిల్లని చూసేది ఉండాది" అని ఫోన్లోనే చెప్పేశాడు. అమ్మ నన్ను పక్కకి లాగి, "ఇది కూడా పోతే మీ నాయన మళ్ళీ తల ఎత్తడు. నోరు మూసుకుని గమ్మునుండు తల్లీ" అంది. సరేనన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆదివారం రాహుకాలం దాటాక, ఆరు గంటలకి అమ్మా, నాయనా, అవ్వా, నేనూ చేరాం. సరిగ్గా అప్పుడే ముందువైపు పెద్ద పెనంలో నూనె మరుగుతోంది. లోపల చల్లగాలి, ఎదురుగా పెద్ద మీసాల పెదనాయన, ఆయన పక్కన ఆ అబ్బాయి. అందరూ నన్ను చూస్తున్నారు, నేను మెనూ కార్డు చూస్తున్నాను. తల ఎత్తితే ఆ అబ్బాయి కూడా మెనూ కార్డే చదువుతున్నాడు, పై నుంచి కిందిదాకా, వేలు పెట్టి, ఒక్క వరుస కూడా వదలకుండా. నాకు ఆ క్షణమే నచ్చేశాడు. ఈ మనిషి కడంబూరు పోకూడదు దేవుడా అని మొక్కుకున్నాను.

కాఫీలు వచ్చాయి. పిల్లలు రెండు మాటలు మాట్లాడుకోనీ అని పెదనాయనే అబ్బాయిని లేపి నా పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. అంతలో మా అవ్వ, "నాకు షుగరు మాత్ర ఏసుకునే పొద్దయింది, కడుపులో ఏదైనా పడాల" అని ఒక నూనె పరోటా చెప్పింది. (అవ్వకి మాత్ర తొమ్మిదింటికి. ఈ సంగతి నాకూ అవ్వకీ మాత్రమే తెలుసు.) అవ్వకి పళ్ళు తక్కువ కాబట్టి పరోటా నలిపి, సాల్నా (పరోటాలోకి ఇచ్చే పల్చటి మసాలా పులుసు) పోసి నానబెట్టే పని నాది. ఆకు మీద పరోటాని అరచేత్తో నొక్కితే పటపటమంది. కారం చూద్దామని ఒక అంచు నోట్లో వేసుకున్నాను. అబ్బా! పొట్టక్క చెప్పింది సగమే. ఒళ్ళు తెలియలేదు. ఇంకో అంచు విరిచి, సాల్నాలో ముంచి, పక్కకి తిరిగి, "కొంచెం తినిసూడండి!" అని పక్కనున్న చేతిలో పెట్టేశాను. ఆ చెయ్యి కూడా అలవాటైన చెయ్యిలా చాచుకుంది. ముక్క నోట్లోకి పోయింది.

పెదనాయన గ్లాసు బల్ల మీద టక్కున పెట్టాడు. "ఏందిరా ఇది? చెయ్యి తడిపేసినావే!"

అమ్మ బల్ల కింద నా తొడ గిల్లిన గిల్లుడు వారం రోజులు నీలంగా ఉంది. మా నాయన మొహంలో నెత్తురు లేదు. "పిల్ల కావాలనే పెట్టింది. ఇట్లా వలేసి మడక్కునేది ఒక మర్యాదనా?" అని పెదనాయన మీసాలు అదిరాయి. నాకు ఏడుపొచ్చేసింది. "లేదండీ, నాకు ఎవురికైనా పెట్టే అలవాటు. బస్సులో కూడా పెడతా" అన్నాను. (దాంతో సంగతి బాగుపడలేదని వేరే చెప్పాలా?)

అప్పుడు మా అవ్వ మాట్లాడింది. "అబ్బాయా, తెలీక తినింది తినినట్టు కాదు. నీమింద ఏ బలవంతమూ లేదు. పొయ్యి చెయ్యి కడుక్కో. కడంబూరు పిల్లని కూడా సూసిరాండి, మాకేం కోపం లేదు."

పెదనాయన తగ్గాడు. "పెద్దామె సరిగ్గా చెప్పింది. లేరా, పొయ్యి కడుక్కో" అన్నాడు. అబ్బాయి లేచి వెళ్ళాడు. కుళాయి చప్పుడు వినిపిస్తోంది. సబ్బు కూడా రాసుకుంటున్నాడు. నాలుగోది కూడా పోయింది, నా చేతులారా పోగొట్టుకున్నాను అనుకున్నాను. ఎదురుగా పరోటా చల్లారుతోంది, జీవితంలో మొదటిసారి నాకు తినబుద్ధి కాలేదు.

ఆయన తిరిగొచ్చాడు. రుమాలుతో చెయ్యి తుడుచుకున్నాడు. తన పాత చోటికి పోకుండా నా పక్కనే కూర్చున్నాడు. అవ్వ ఆకు మీద నుంచి ఒక ముక్క తనే విరుచుకుని, సాల్నాలో రెండువైపులా ముంచి, నోట్లో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు తెలిసే తింటాండాను పెదనాయనా" అన్నాడు.

మా నాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. పెదనాయన కొంచెంసేపు పెనం వైపు చూసి, మీసాలు సవరించుకుని, సర్వర్ని పిలిచాడు. "తంబీ, నాకొకటి. బాగా మొరమొరా, అప్పడం మాదిరి ఉండాల."

పన్నెండేళ్ళయింది. ఆ హోటల్ ఇప్పుడు లేదు, అక్కడ సెల్‌ఫోన్ల షాపు ఉంది. ఆ రెండో ముక్క ఎందుకు తిన్నారని అడిగితే, "పొద్దుటి నుంచి పస్తు, ఆకలేసింది" అంటారు మావారు. నేను నమ్మను. ఆయనకి ఇప్పుడు కొలెస్టరాలు, నాకు వైద్యులు నూనె వద్దన్నారు, అందుకని ఎప్పుడైనా ఇద్దరికీ కలిపి ఒకటే పరోటా. అంచు విరిచి చెయ్యి చాపుతానా, ఆయన వెంటనే తీసుకోరు. లేచి, మెల్లిగా కుళాయి దగ్గరికి పోయి, సబ్బు రాసుకుని చెయ్యి కడుక్కుంటారు. ఏడిపించడానికేనని తెలుసు. అయినా ఆయన వచ్చి పక్కన కూర్చునేదాకా, ఆ తిండిపోతు పిల్ల నాలో ఊపిరి బిగబట్టుకునే ఉంటుంది.