వణకని స్లైడర్

మా ల్యాబుకి వచ్చే రొయ్యల రైతులు నీళ్ళ పరీక్ష ఫలితాన్ని కూడా బేరమాడతారు. డబ్బు గురించి కాదు. గుంటలో అమ్మోనియా ఇంత ఉందని మా ఆయన చెబితే, అంత వద్దు, కొంచెం తగ్గించమంటారు. గూడూరు నుంచి కోటకి పోయే దారిలో, రెండు మేత కొట్ల మధ్య, ఒక్క గది ల్యాబు మాది. పొద్దున్నే మోటారు సైకిళ్ళ మీద సీసాలు పట్టుకుని వస్తారు. ఆయన ఆ నీళ్ళు గాజు గొట్టంలో పోసి, మందు చుక్కలు వేసి, కిటికీ వెలుతురుకి ఎత్తి చూస్తారు. పసుపు రంగు తేలితే గుంట బాగున్నట్టు. ఆకుపచ్చకి తిరిగితే మేత ఆపాలి, నీళ్ళు మార్చాలి, ఆ రైతు ఇంట్లో అందరి మొహాలూ వాడిపోవాలి. మరి పసుపుకీ ఆకుపచ్చకీ మధ్య ఎన్నో రంగులుంటాయి కదా, బేరం అక్కడ.

"పసుపే గదన్నా! ఆకుపచ్చ యాడుండాది?"

"కళ్ళజోడు తుడుచుకోని చూడు, కనపడతది."

"నా గుంట సంగతి నాకు తెలవదా? రవ్వంత ఇటు జరుపు."

"నేను జరిపితే రొయ్యలు బతుకుతాయా? నీకు నచ్చే అంకె కావాల్నంటే జోస్యం చెప్పించుకో పో."

జరపమనే మాట వాళ్ళకి నా స్లైడర్ నేర్పింది. కావలిలో ఎంసీఏ చదివి, తడ దగ్గర ఒక కంపెనీలో యంత్రాల తెరలకి ప్రోగ్రాములు రాసినదాన్ని. తెర మీద ఒక గీత, దాని మీద ఒక బొత్తాం, మౌసుతో పట్టి అటూ ఇటూ లాగితే విలువ మారుతుంది. అదే స్లైడర్. పక్కనే అంకెలు కొట్టే చిన్న పెట్టె. రెండూ రెడీమేడ్‌గానే దొరుకుతాయి గానీ, మేం వాడే స్లైడర్‌కి పూర్ణాంకాలు తప్ప తెలియవు. అరా, పావూ కావాలంటే లోపల వందతో గుణించి, చూపేటప్పుడు భాగించాలి. స్లైడర్ కదిలితే పెట్టెలో అంకె మారాలి, అంకె మారితే స్లైడర్ కదలాలి. పరాకుగా కలిపామా, ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటూ ఆగవు. అందుకని ఒకటి మాట్లాడేటప్పుడు రెండోదాని నోరు కట్టేయాలి. మా ఇంటికి అలాంటి ప్రోగ్రాం ఇంతవరకూ ఎవరూ రాయలేదు.

రైలు ప్రయాణాలకి విసిగి ఉద్యోగం మానేశాక, మా ల్యాబుకే ఒక తెర తయారుచేశాను. స్లైడర్ గీత పొడుగునా పసుపు నుంచి ఆకుపచ్చ దాకా రంగు పరిచాను. ఆయన గొట్టంలో రంగు చూసి, తెర మీద అదే రంగు దగ్గరికి బొత్తాం లాగి ఆపితే చాలు, అంకె వచ్చేస్తుంది. బల్లకి అవతల కూర్చున్న రైతులకి కనపడేలా ఇంకో తెర పెట్టాం. నా పనిని ఆయన మెచ్చుకోవడం అరుదు. దీన్ని మెచ్చుకున్నారు.

కొన్నాళ్ళకి ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. చెయ్యితోపాటు తెర మీద బొత్తాం కూడా ఊగేది. మొదట్లో రైతులకి అది వణుకని తెలియలేదు, ఆయన ఎటూ తేల్చుకోలేకపోతున్నారనుకున్నారు. మనుబోలు వైపు నుంచి వచ్చే ఒకాయన ఉన్నాడు, రవ్వంత కూడా వదలని బేరగాడు. "చూడండబ్బా, అన్నకే నమ్మకం లేదు. అటా ఇటా అని ఊగతా ఉండాడు!" అన్నాడు. ఆ రోజు బేరాలు రెట్టింపయ్యాయి.

నెల్లూరులో నరాల డాక్టరు జబ్బు పేరు చెప్పి, మందులు రాసిచ్చాడు. వచ్చేటప్పుడు బస్సు కిటికీ అద్దం తెరవాలా మూయాలా అని దారి పొడుగునా పోట్లాడుకున్నాం. ఆ జబ్బు పేరు మాత్రం ఇంట్లో ఇద్దరం ఎత్తలేదు. ఇల్లు చేరగానే నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

ఆయన చూపు ఎప్పుడూ తప్పలేదు. రంగు చూసి మనసులో అనుకున్న అంకె సరైనదే. అది మౌసు దాకా రావడంలోనే చిక్కు. ఆయనకి కావలసింది ఒక్కటే: తాను చూసిన ఫలితాన్ని, రైతు ఎదురుగా, తన చేత్తో తాను పెట్టాలి. అది పోతే ఇక ల్యాబు ఎందుకన్నట్టు ఉండేవారు.

మొదట బొత్తాం ఎక్కడపడితే అక్కడ ఆగకుండా చేశాను. పరీక్ష మందుతోపాటు వచ్చే రంగుల కార్డు మీద ఉన్న రంగుల దగ్గరే ఆగుతుంది, కాస్త వణికినా పక్కకి పోదు.

"మధ్యలో ఉండే రంగో?" అన్నారు, అన్నం కలుపుతూ.

"దగ్గర్లో ఉన్నదానికి పోతుంది."

"గుంటలో నీళ్ళు నీ కార్డు చూసుకోని రంగు మారతయ్యా మే?"

"ఆ మాత్రం తేడాకి రొయ్యలేం చచ్చిపోవు!"

"అది రైతు అనే మాట. నువ్వు అనగూడదు."

అన్నం చల్లారేదాకా వాదించి ఓడిపోయాను.

తరవాత స్లైడర్ తీసేసి అంకెల పెట్టె ఒక్కటే ఉంచాను. వేలు ఒకే మీట మీద రెండుసార్లు పడేది, ఒకటి కొడితే పదకొండయ్యేది. అంత అమ్మోనియాలో రొయ్య కాదు గదా, నాచు కూడా బతకదు. కాబట్టి హద్దు పెట్టాను. హద్దు దాటిన అంకె కొడితే పెట్టె చుట్టూ ఎర్ర గీత పడుతుంది, అంకె తీసుకోదు. ఏ క్లాసులో అడిగినా అలాగే చెయ్యమంటారు. మర్నాడు మనుబోలు ఆయన సీసా వంతు వచ్చింది. మా ఆయన అంకె కొట్టారు, ఎరుపు పడింది. అవతల తెర చూస్తున్న మనుబోలు ఆయన అప్పటికే ఫోనులో ఉన్నాడు.

"ఒరే, మేత ఆపండిరా! ఎర్రగా వచ్చింది, ఎర్రగా!"

"ఎరుపు మీ గుంటకి కాదు నాయనా, అంకెకి," అన్నాను.

"అంకె నా గుంటదే గద వదినా!"

బెంచీ మీదున్న వాళ్ళంతా నవ్వారు. మా ఆయనా నవ్వారు. ఆ తరవాత చాలాసేపు, శుభ్రంగా ఉన్న గొట్టాన్నే మళ్ళీ మళ్ళీ తుడుస్తూ కూర్చున్నారు. సాయంత్రం తలుపు వేసేటప్పుడు అన్నారు:

"నీ పెట్టె నలుగురిలో నన్ను కాదంటది."

"అది కాదనకపోతే మీరు పదకొండని చీటీ ఇచ్చేవాళ్ళు."

"ఇయ్యను. చూసుకోని దిద్దుకుంటా. నాకు టైమియ్యి మే, చాలు."

ఆ మాట ప్రోగ్రాం గురించే అన్నారనుకున్నాను. రెండు మీటల మధ్య ఎంత వ్యవధి ఇవ్వాలో లెక్క వేసుకుంటూ ఇంటికి నడిచాను.

ఆ లెక్కలో ఉండగానే తడలో చేసిన పని ఒకటి గుర్తొచ్చింది. యంత్రం అదిరితే దాని కొలత చూపే ముల్లు పిచ్చిగా ఊగుతుంది. అందుకని ఆ క్షణపు విలువ ఒక్కటే చూపకుండా, దాని ముందటి విలువలు కొన్ని కలిపి సగటు చూపిస్తాం. అదురు పోయి అసలు కదలిక మిగులుతుంది. స్లైడర్‌ని మళ్ళీ తెచ్చి దాని వెనక ఈ సగటు పెట్టాను. ఆయనకి చెప్పలేదు. చెబితే వాదన, ఆయన గెలిచినా గెలవవచ్చు.

అంత చక్కగా కుదిరిన ప్రోగ్రాం నా ఉద్యోగంలో కూడా రాయలేదు. మర్నాడు ఆయన మౌసు పట్టి లాగితే బొత్తాం నూనె మీద జారినట్టు జారి, కావలసిన రంగు దగ్గర నిలబడింది. ఆయన ఒకసారి నా వైపు చూసి, రెండో సీసా అందుకున్నారు. వణుకు సంగతీ, నెల్లూరు డాక్టరు సంగతీ ఈపాటికి రైతులందరికీ తెలుసు.

"అన్నా, చెయ్యి కుదిరిందే!"

"డాక్టరు మంచోడు మల్ల!"

"డాక్టరు గాదబ్బా, మా వదినకి భయపడి కుదిరింది!"

ఆయన వీపు నిటారుగా పెట్టి కూర్చున్నారు. చాలా రోజుల తరవాత గొంతు పెంచి బేరాలకి జవాబులు చెప్పారు. మనుబోలు ఆయన సీసా వచ్చింది. బొత్తాం ఆకుపచ్చకి దగ్గర్లో ఆగింది. "అంత లేదన్నా, గొట్టం ఇట్ట చూపించు," అంటూ మనుబోలు ఆయన బెంచీ మీంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి ఇటువైపు వచ్చాడు. వచ్చి ఆగిపోయాడు. తెర మీద బొత్తాం కదలడం లేదు. తెర చాటున, బల్ల మీద మా ఆయన చెయ్యి వణుకుతోంది, దాని కింద మౌసు టకటకా కొట్టుకుంటోంది. చెయ్యి చూశాడు, తెర చూశాడు, మళ్ళీ చెయ్యి చూశాడు.

"సరే అన్నా. నువ్వు ఎంతంటే అంత," అని చీటీ తీసుకుని వెళ్ళిపోయాడు. అతని వెనక ఉన్నవాళ్ళు కూడా ఇక బేరమాడలేదు. నాకు చేతనైతే ఒక్కొక్కరినీ భుజం పట్టి కుదిపి, అడగండయ్యా, తగ్గించమని అడగండి అని అరిచేదాన్ని.

అందరూ పోయాక ఆయన మౌసు మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఇది నా చెయ్యి గాదు మే."

"మీదే. వణుకు ఒక్కటీ తీసేశాను."

"నాకు చెప్పకుండానే తీసినావు."

ఎవరేమన్నా తడుముకోకుండా జవాబిస్తానని నాకు పేరు. అప్పుడూ ఇచ్చాను. సగటు ఎలా తీస్తారో వివరించాను. ముల్లు అదరడం, ముందటి విలువలు కలపడం, అన్నీ. ఆయన చివరిదాకా విన్నారు. విని, "బాగానే చేసినావు. రేపట్నించి నువ్వే జరుపు, నేను చెప్తా," అన్నారు. ఆ నెలలన్నీ మేం బొత్తాల గురించీ హద్దుల గురించీ మాట్లాడుకున్నాం. భయంగా ఉందా అని నేను ఒక్కసారీ అడగలేదు. ఆ రోజైనా అడగవలసింది. సగటు గురించి చెప్పాను.

ఇప్పుడు మౌసు దగ్గర నేనే కూర్చుంటాను. సగటు తీసేశాను. ఎవరి చెయ్యి ఎలా కదిలితే స్లైడర్ అలాగే కదులుతుంది. ఆయన ఎడమచేత్తో గొట్టాన్ని కిటికీకి ఎత్తి, "ఇంకొంచెం," అంటారు.

"ఇంకొంచెం అంటే?"

"అంతే. కాదు, వెనక్కి రా. ఆ... చాలు."

చీటీ అచ్చు వేసే ముందు నేను మౌసు వదిలి, చెయ్యి పక్కకి తీసుకుంటాను. ఆయనకి అందేంత దూరంలోనే ఉంటుంది మౌసు. పట్టుకుంటారేమోనని కాసేపు చూస్తాను. ఆయన గొట్టం కడిగేసి, తరవాతి సీసా ఎవరిదని అడుగుతారు.