ఆరు వీధుల ఒప్పందం

జగన్నాధం గారికి ఒకటే జబ్బు. ప్రపంచంలో ఎవరో ఏదో చేశారని పేపర్లో చదివితే చాలు, నెల్లిమర్ల పక్కనున్న తన పల్లెలో మర్నాటికల్లా అదే చెయ్యాలి. మనుషులు చంద్రుణ్ణి చుట్టి వచ్చారని చదివిన రోజున ఇంటి చుట్టూ పది ప్రదక్షిణలు చేశారు. భార్య తాయారుకి రోజుకో తద్దినం.

ఊళ్లో తుపాకీ ఉన్నది ఆయనకొక్కరికే. తెల్లారగానే ఆరు వీధులూ తిరిగి, కప్పుల మీది కోతుల్ని బెదరగొట్టడానికి వీధికో గుండు గాల్లోకి పేల్చేవారు.

రెండో వీధిలో తాయారు అన్న కూర్మయ్య ఇల్లు. గట్టు తగాదాతో బావాబావమరుదులకి రెండేళ్లుగా మాటల్లేవు. ఆ ఇంటికి కూతురు నీలవేణి పురిటికొచ్చింది. పేలుడు పేలుడుకీ ఉలిక్కిపడుతోందనీ, రక్తపోటు పెరిగిందనీ, నిద్ర లేకపోతే తల్లికీ బిడ్డకీ ప్రమాదమని డాక్టరు అన్నాడనీ మంత్రసాని జగ్గమ్మ చెప్పింది. తాయారు వెంటనే మొగుడి దగ్గరికెళ్లింది.

"ఆ పేల్చడం ఆపీరాదా?"

"మీ అన్నని వొచ్చి అడగమను."

"పేనం పోయినా అడగడు."

"అదీ నిజవే," అని ఆయన పేపరు తెరిచారు.

మర్నాడు ఒకటో వీధి మొదట్లో సున్నంతో గీత గీశారు.

"ఏటిది?" అంది తాయారు.

"లాటిన్ అమెరికా దేశాలన్నీ కలిసి, మా ప్రాంతంలో అణుబాంబు ఉండకూడదని రాసుకున్నాయి. మనూర్లో బాంబున్న దేశం నానే కదా! అంతా ఒకేసారి వదిలీమంటే ఏ దేశం వదుల్తాది? ఒక్కో ప్రాంతవే వదలాల. గీత దాటి తుపాకీ రాదు."

"సద్దు గీత కాడ ఆగుతాదేటి?"

"అందుకే రేపు రెండో ఈది."

రోజుకో వీధి. గీతలు పెరిగేకొద్దీ ఆయన తుపాకీ భుజాన వేసుకుని చేలగట్ల మీదుగా ఊరంతా చుట్టి ఇల్లు చేరేవారు. ఒప్పందం సంగతి కోతులకి ముందే తెలిసినట్టుంది, గీతలున్న వీధుల్లో కాపురాలు పెట్టేశాయి. ఆరో రోజున సొంత వీధికీ గీత పడింది. తాయారు ఎండబెట్టిన గుమ్మడి వడియాల్లో ఒక్కటీ మిగల్లేదు. అయినా ఆమె కోతుల్ని తిట్టలేదు. నీలవేణి కంటినిండా నిద్రపోతోందట.

పదోనాడు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డలు క్షేమం. తాయారు హమ్మయ్య అంటూ గడప మీదే కూలబడింది.

సాయంత్రం కూర్మయ్య బెల్లం పొట్లంతో వచ్చాడు. "ఒప్పందవన్నాక తనికీ ఉండాల. తుపాకీ సూపించు బావా."

అటక మీద, గొట్టంలో గుడ్డ కుక్కి ఉంది తుపాకీ.

"మా కోసం ఆపినావేటి?" అన్నాడు కూర్మయ్య అనుమానంగా.

"నువ్వడిగినావేటి? నీ కోసవైతే నీ ఈదే మొదటిదవ్వాల కదా!"

"అదీ నిజవే," అని కూర్మయ్య తేలికపడి, బెల్లం బావ చేతిలో పెట్టి వెళ్లాడు.

"ఒకటో ఈదిని ముందెట్టింది మా అన్న పరువు కోసవే కదా?" అంది తాయారు. ఆ మొండిమనిషి మీద ఆమెకి ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

జగన్నాధం గారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

"ఆ బెల్లం లోపలెట్టు. కోతులొస్తన్నాయి."